పదహారు వాకిళ్ల బొరియ

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో ఒక వాగు, వాగు ఒడ్డున ఎంతో ఎత్తయిన ఒక నల్లమద్ది చెట్టు. దగ్గరికి జరిగి కూర్చోండి, మధ్యలో ఎవరూ లేచి వెళ్లకూడదు. ఇది ఇల్లు కట్టుకున్న ఒక ఎలుక కథ.

ఆ చెట్టు చిటారు కొమ్మ మీద సింగన్న అనే కొండముచ్చు కూర్చునేవాడు. పొద్దస్తమానం నాలుగు దిక్కులూ చూడడమే ఆయన పని. వాగు పొంగినా, పాము వచ్చినా, కార్చిచ్చు రేగినా "హూప్! హూప్!" అని కేక వేసేవాడు. ఒడ్డున బొరియల్లో ఉండే ఎలుకలు, ఉడుములు, ఏదుపందులు ఆ కేక విని బయటపడి ప్రాణాలు దక్కించుకునేవి.

అందుకు బదులుగా ఒడ్డున ఉన్నవాళ్లంతా ఏడాదికోసారి సింగన్నకు ఇప్పపువ్వు ఇచ్చేవారు. వాకిలికి ఒక దోసెడు. ఎవరు ఎగ్గొట్టినా ఆ ఒడ్డు మొత్తానికి కేక ఆగిపోతుంది. ఈ కట్టుబాటు సింగన్న తాత పెట్టింది. ఆయన రోజుల్లో ఏ బొరియకైనా వాకిలి ఒక్కటే. వాకిళ్లు లెక్కపెట్టినా కాపురాలు లెక్కపెట్టినా ఒకటే లెక్క వచ్చేది. అందులో తప్పేమీ లేదు. కాపలా కాసేవాడికి మాత్రం కడుపు ఉండదా?

ఆ ఒడ్డునే నూకాలు అనే ఎలుక ఉండేది. ఒకసారి వాగు పొంగినప్పుడు సింగన్న కేక వేశాడు. నూకాలు పెనిమిటి పిల్లల్ని ముందు తోశాడు, తల్లిని తోశాడు, నూకాల్ని తోశాడు. తను చివర మిగిలాడు. వాకిలి ఒక్కటే కదా. నీళ్లు ముందొచ్చాయి. అతను రాలేదు.

నూకాలు మూడు రోజులు ఏడ్చింది. నాలుగో రోజు లేచి మొహం కడుక్కుని అత్త పైడమ్మతో అంది, "అత్తా, ఇక మన ఇంట్లో ఎవరూ చివర మిగలకూడదు."

ఆ రోజు మొదలుపెట్టి ఏడాది పాటు తవ్వింది. ఇంట్లో ప్రాణాలు ఎనిమిది. తను, అత్త, ఆరుగురు పిల్లలు. ఒక్కొక్కరికి రెండేసి వాకిళ్లు. ఒకటి పూడుకుపోతే ఇంకొకటి. మొత్తం పదహారు. గాలి ఇటునుంచి వచ్చి అటు పోయేది. నీళ్లు వస్తే అటునుంచి జారిపోయేవి. అలాంటి బొరియ ఆ అడవిలో అంతకుముందు లేదు. చూడడానికి పక్క కొండ నుంచి కూడా వచ్చారు.

కాకి గవరయ్య కూడా వచ్చాడు. సింగన్న తరఫున వాకిళ్లు లెక్కపెట్టేది అతనే. బొరియ చుట్టూ గెంతుతూ లెక్కపెట్టి, ముక్కు గీరుకుని, "పదహారు దోసిళ్లు" అన్నాడు.

"అదేంటన్నా! పోయినేడు ఒక్కటేగా ఇచ్చాను? ఈ ఇంట్లో ఉన్నది మేమే. తినేది మేమే. నీ లెక్కకి మాత్రం పదహారు ఇళ్లు ఎలా అయ్యాయి?"

"నాకేం తెలుసమ్మా? నేను చూసేది వాకిళ్లే."

కొండముచ్చు దోసెడు ఇప్పపువ్వు ఏరాలంటే ఎలుక కుటుంబానికి పది రోజుల చాకిరీ. పదహారు దోసిళ్లు ఇస్తే పిల్లలకు గింజ మిగలదు. నూకాలు సరాసరి నల్లమద్ది చెట్టు కిందికి వెళ్లి మెడ ఎత్తింది.

"పెద్దయ్యా! నీ చెట్టుకి ఎన్ని కొమ్మలున్నాయి?"

"ఎవరు లెక్కపెట్టారు? వందకి తక్కువుండవు" అన్నాడు సింగన్న.

"నువ్వు కూర్చునేది?"

"ఒక్క కొమ్మ మీదే."

"నాకూ అంతే పెద్దయ్యా. వాకిళ్లు పదహారైనా కాపురం ఒక్కటే. నువ్వు మా ఇంటికి వేసేదీ ఒక్క కేకే."

సింగన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. మాట సబబుగానే ఉందని ఆయనకూ తోచింది. కానీ ఒప్పుకుంటే ఎక్కడ లోకువైపోతానో అని భయం. "తాత పెట్టిన కట్టుబాటమ్మా. నీకోసం మారిస్తే రేపు అందరూ వచ్చి కూర్చుంటారు. ఇవ్వలేకపోతే వాకిళ్లు తగ్గించుకో" అన్నాడు.

ఇదిగో, నూకాలు తప్పు చేసింది ఇక్కడే. నాకైతే ఆమె మీద కోపం రాదు. కేక లేకపోతే ఒడ్డంతా నిద్రలోనే మునిగిపోతుందని ఆమె భయం. ఇంటికొచ్చి, రెండు దోసిళ్లయితే ఎలాగో ఇద్దాం, పద్నాలుగు వాకిళ్లు మూసేద్దామంది.

"నా కొడుకు పోయింది వాకిలి లేకనే" అంది పైడమ్మ.

నూకాలు తలవంచుకుని పద్నాలుగు వాకిళ్లకూ మట్టి మెత్తింది. గవరయ్య రెండోసారి వచ్చాడు. ముక్కుతో ఒక చోట పొడిచి చూశాడు. మట్టి పొలపొలా రాలింది.

"నేనటు వెళ్లగానే నువ్విటు తీసేసుకుంటే? మట్టి మెత్తినా వాకిలి వాకిలే. పదహారే" అన్నాడు.

అప్పుడు నూకాలు వాగులోంచి రాళ్లు దొర్లించుకొచ్చింది. ఒక్కో వాకిట్లో రాయి మీద రాయి పెట్టి బిగించింది. ఏడాది తవ్విన చేతులతోనే వారం రోజులు పూడ్చింది. గవరయ్య మూడోసారి వచ్చి పొడిచాడు. ముక్కు నొప్పి పుట్టింది గానీ రాయి కదల్లేదు.

"ఇప్పుడు రెండు" అన్నాడు సంతోషంగా. ఇద్దామన్న రెండు దోసిళ్లూ నూకాలు ఇచ్చేసింది.

ఆ శ్రావణంలో ఒక మిట్టమధ్యాహ్నం కొండ మీద కుంభవృష్టి కురిసింది. ఒడ్డున చినుకు లేదు. వాగు మాత్రం ఎర్రగా తిరిగి ఉరకడం మొదలుపెట్టింది. "హూప్! హూప్!" అని సింగన్న గొంతు చించుకున్నాడు. కేకకేం లోటు లేదు, సమయానికే వేశాడు. పిల్లలు నిద్రలేచారు. కింది వాకిట్లోంచి అప్పటికే నీళ్లు లోపలికి వస్తున్నాయి. మిగిలింది పైవాకిలి ఒక్కటే. పైడమ్మ ముసలిది, నడుము వంగినది. ఆమెను లాగుతూ ముగ్గురు పిల్లలు బయటపడేసరికి వెనక మట్టి కూలి ఆ వాకిలీ పూడుకుపోయింది.

లోపల నూకాలు, ముగ్గురు పిల్లలు. నీళ్లు పొట్టదాకా వచ్చాయి.

"అమ్మా, ఎటు వెళ్లాలి?" అని అడిగింది అందరికంటే చిన్నది, నలుసు.

నూకాలు తొమ్మిదో వాకిలి వైపు తిరిగింది. అక్కడ ఉన్నవి తను పెట్టిన రాళ్లే. ఎంత గట్టిగా బిగించిందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పళ్లతో పట్టి లాగింది, గోళ్లతో పెళ్లగించింది. కుడికాలి గోళ్లు రెండు ఊడి వచ్చాయి. నీళ్లు మెడదాకా వచ్చాయి. ఆమె ఆపలేదు. ఆఖరికి పెద్దరాయి ఊడి దొర్లింది, వెలుతురు పడింది. ముగ్గుర్నీ బయటికి తోసి తనూ బయటపడింది. ఆ తోపులో ఇంకో రాయి జారి నలుసు వెనక కాలి మీద పడింది. ప్రాణం దక్కింది గానీ ఆ కాలు మళ్లీ తిన్నగా రాలేదు.

గట్టు మీద తడిసిన పిల్లను ఒళ్లో పెట్టుకుని నూకాలు అత్తతో అంది. "అత్తా, వాగుది కాదు తప్పు, నాది. వాళ్ల లెక్కకి సరిపోవాలని నా ఇంటిని నేనే పూడ్చుకున్నాను. ఇంకోసారి ఆ పని చెయ్యను."

వాగు తగ్గిన మర్నాడే మూసిన వాకిళ్లన్నీ తెరిచింది. రక్తం కారే కాలితోనే తెరిచింది. తర్వాత నల్లమద్ది దగ్గరికి వెళ్లింది.

"పెద్దయ్యా, నీ కేక లేకపోతే మేం లేం. అందుకే కాపురానికి ఒక దోసెడు ఏటా తెచ్చిస్తాను. వాకిలికి మాత్రం ఇవ్వను."

"అయితే మీ ఒడ్డుకి కేక లేదు" అన్నాడు సింగన్న.

ఒడ్డున ఉన్నవాళ్లు నూకాలు మీద విరుచుకుపడ్డారు. "నీ పంతానికి మేమంతా మునగాలా?" అన్నారు. అప్పుడు పోలయ్య అనే ఏదుపంది ముందుకొచ్చాడు. మాట తక్కువవాడు. "నేనూ నాలుగు వాకిళ్లు మూసుకున్నాను. నూకాలమ్మ పిల్ల కాలు చూశాక ఇంట్లో నిద్ర పట్టడం లేదు" అన్నాడు. ఒక ఉడుము నేను రెండన్నాడు. ఇంకో ఎలుక మూడంది. మంచి ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్లూ దాన్ని దాచుకునే బతుకుతున్నారని అప్పుడు తేలింది.

"అయితే మన కాపలా మనమే కాద్దాం" అంది నూకాలు.

వాగు పైన ఒక నున్నటి బండ ఉంది. రోజుకొక ఇంటివాళ్లు దాని మీద కూర్చోవాలి. ఏదైనా వస్తే పోలయ్యకు చెప్పాలి. పోలయ్య ఒళ్లు విదిలిస్తే ముళ్లన్నీ గలగలమని మోగి ఒడ్డంతా వినబడుతుంది. చెప్పినంత తేలికగా జరగలేదు లెండి. మొదటి రోజే ఉడుము ఎండకి కునికిపాట్లు పడ్డాడు. ఒక ఎలుక తుమ్మితే పోలయ్య హడలిపోయి ముళ్లు మోగించాడు, అందరూ గట్టెక్కి తిట్టుకుంటూ దిగారు. ఎవరు రాకపోయినా వాళ్ల వంతు నూకాలే కూర్చునేది. నలుసును పక్కన కూర్చోబెట్టుకుని ఆవలి గట్టుకేసి చూస్తూనే ఉండేది. నెల తిరిగేసరికి అందరికీ అలవాటైంది. ఒకసారి నాగుపాము వస్తే గలగల విని అందరూ బయటపడ్డారు, అది ఖాళీ బొరియలు చూసుకుని వెళ్లిపోయింది.

మళ్లీ ఇప్పపువ్వు ఇచ్చే వేళ వచ్చింది గానీ సింగన్నకు ఒక్క దోసెడూ రాలేదు. కాపలా కొమ్మ మీద కూర్చుంటే ఆకలి, మేతకు వెళితే కొమ్మ ఖాళీ. గవరయ్యను పంపాడు. "సగమిస్తే చాలన్నాడు. నీకైతే ఎనిమిది దోసిళ్లే" అన్నాడు గవరయ్య.

"ఎనిమిదంటే ఇంకా వాకిళ్లే లెక్కపెడుతున్నాడన్నమాట. వద్దని చెప్పు" అంది నూకాలు.

మూడో రోజు సింగన్నే చెట్టు దిగాడు. ఆయన దిగి ఒడ్డుకు రావడం ఎవరూ ఎరగరు. నూకాలు బొరియ ముందు చతికిలబడి, ఒక వాకిలికి చెవి ఆనించాడు. లోపల పైడమ్మ దగ్గుతోంది, పిల్లలు దెబ్బలాడుకుంటున్నారు. ఇంకో వాకిలికి చెవి ఆనించాడు. అదే దగ్గు, అవే దెబ్బలాటలు. పదహారింటికీ ఆనించాడు. అప్పుడే నలుసు కుంటుకుంటూ బయటికొచ్చి ఆయన్ని చూసి ఆగిపోయింది. సింగన్న ఆ కాలు చూశాడు.

"పైనుంచి చూస్తే కనబడేవి వాకిళ్లేనమ్మా. మా తాతా అవే చూశాడు, నేనూ అవే చూశాను. లోపల ఎవరున్నారో ఒక్కనాడూ దిగి చూడలేదు. తప్పు నాదే" అన్నాడు.

"కాపురానికి ఒక దోసెడు పెద్దయ్యా. అందరికీ అదే లెక్క. ఎవరు ఎన్ని వాకిళ్లు పెట్టుకున్నా అడగకూడదు" అంది నూకాలు.

"అలాగే."

"మా బండ మీద కాపలా కూడా మానం."

"మానొద్దు" అన్నాడు సింగన్న.

మరుసటేడు శ్రావణంలో వాగు మళ్లీ ఎర్రగా తిరిగింది. చెట్టు మీద "హూప్! హూప్!" అంది, గట్టు మీద గలగలమంది. గవరయ్య ఎగిరొచ్చి నూకాలు ఇంటి ముందు వాలి, అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. "ఒకటో వాకిలి, రెండో వాకిలి..."

"వాకిళ్లు కాదురా! ప్రాణాలు లెక్కపెట్టు!" అని అరిచాడు సింగన్న చెట్టు మీంచి.

గవరయ్య లెక్కపెట్టాడు. ఒక్కో వాకిట్లోంచి ఒక్కొక్కరు బయటికి దూకుతున్నారు. పైడమ్మ, నూకాలు, పిల్లలు. "ఏడుగురు" అన్నాడు.

"ఎనిమిదోది ఏదిరా?" సింగన్న కేక ఆపలేదు. నీళ్లు కింది వాకిళ్లు తాకాయి. నూకాలు గిరుక్కున వెనక్కి తిరిగింది.

తొమ్మిదో వాకిట్లోంచి నలుసు కుంటుకుంటూ, ఏ తొందరా లేకుండా బయటికొచ్చింది.

"ఎనిమిది!" అన్నాడు గవరయ్య. అప్పుడు సింగన్న కేక ఆపి, కొమ్మ మీద కూలబడ్డాడు.

నీతి: కాలం మారితే కొలత కూడా మారాలి. పాత కొలతకు సరిపెట్టడానికి మంచి ఇంటిని పూడ్చుకోకూడదు.