వెన్నెలమ్మకు మూడు రాళ్ళు

బొగ్గులకొండ అడవిలో వెన్నెలమ్మ అనే ముసలి గేదె ఉండేది. పేరు వెన్నెలే గానీ, ఆ రంగు చూసి అమావాస్య కూడా సిగ్గుపడి పక్కకు తప్పుకునేది. వయసెంతంటారా? "ఈ కొండ గులకరాయంత ఉన్నప్పుడు దీన్ని తొక్కుకుంటూ తిరిగాను" అని తనే చెప్పేది. కాదనడానికి అంత పాతవాళ్ళు అడవిలో ఇంకెవరూ మిగల్లేదు.

వెన్నెలమ్మకు ఒక అలవాటు. పొద్దున లేస్తూనే, "ఇంకా పోలేదేం ఈ ప్రాణం!" అనేది. బురదలో కూలబడుతూ, "యముడికి నా ఊసే పట్టదు. వాడెక్కి తిరిగే దున్నపోతు స్వయానా మా మేనమామ కొడుకు. వాడైనా గుర్తుచెయ్యడు చచ్చినోడు" అనేది. ఆ మూలుగుకు మూడు కొండల అవతల చింతకాయలు రాలేవి. మూలిగి మూలిగి అలసిపోయి, రెండు మోపుల పచ్చగడ్డి మేసి, మూడో మోపు ఎక్కడైనా ఉందేమోనని వాగు వైపు చూసేది. అవ్వ చావు మాటెత్తిందంటే ఒంట్లో బాగున్నట్టే అని అడవిలో పసికూనకి కూడా తెలుసు. మూలుగు ఆగితేనే కంగారు పడాలి.

తెలిసీ తెలియనట్టున్నది ఒక్కడే, గుంటనక్క కుశలయ్య. ఎదురుపడ్డ ప్రతివాడినీ "కుశలమా?" అని అడుగుతాడు గనక వాడికా పేరు. నోటితో కుశలం అడుగుతూ కంటితో తొడకండ తూకం వేసేవాడు. ఆ ఎండాకాలం వాడి కడుపు వీపుకి ఎంతగా అంటుకుపోయిందంటే, వాడికి ఇవతల నిలబడితే అవతలి చెట్టు కనపడేది.

"ఈ గేదె ఒక్కటి పోతే మా వంశం ఏడు తరాలు కూర్చుని తినొచ్చు" అని లొట్టలేశాడు. కానీ వెన్నెలమ్మ కొమ్ము విసిరితే నక్క వెళ్ళి చంద్రుడి మీద పడుతుంది. ఆ పని సింహం పంజాకే సాధ్యం. సింహమేమో ముసలివాళ్ళ జోలికి పోదు.

అందుకని కుశలయ్య కొండెక్కి సింహం గుహకు వెళ్ళాడు. అక్కడ గుహ పక్కన బండ కింద దుప్పి గవరయ్య పడి ఉన్నాడు. ఉచ్చు ఇనుము కరిచిన కాలు నెలరోజులుగా కుళ్ళుతోంది. పసర్లన్నీ అయిపోయాయి. అరవడు, మూలగడు, పళ్ళు బిగించి ఆకాశం వైపు చూస్తాడు. అతన్ని చూడలేక సింహానికి నిద్ర పట్టడం మానేసింది.

"ఏలికా, గవరయ్యలాంటివాళ్ళకు దారి చూపాలంటే చట్టముండాలి. కారుణ్య మరణ చట్టం. నేను రాసుకొచ్చాను" అన్నాడు కుశలయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

సాక్షి ముందు ఎవరైనా మూడుసార్లు సొంత నోటితో చావు కావాలంటే మర్నాడు ఏలికగారు ఒక్క దెబ్బతో దయచేస్తారు. తర్వాత మనసు మార్చుకుంటే చెల్లదు, బాధలో బుద్ధి నిలకడగా ఉండదు గనక. పోయినవాళ్ళ కళేబరం పనులు కుశలయ్య ఉచితంగా చూసుకుంటాడు. ఇదీ చట్టం. బాధలో బుద్ధి నిలవనప్పుడు, అడిగిన రోజు బుద్ధి మాత్రం ఎలా నిలిచిందని ఎవరూ అడగలేదు. సింహం గవరయ్య వైపే చూస్తూ పంజా ముద్ర వేసేసింది.

సాక్షి ఉద్యోగం కాకి గరుడాచలానికి దక్కింది. అప్పటిదాకా గరుడాచలం రోజూ వెన్నెలమ్మ వీపెక్కి నెత్తురు తాగే గోమార్లు ఏరుకు తినేవాడు. కుశలయ్య వాడి చెవిలో, "సాక్షివి. ఇక నువ్వు ఎవరినీ ముట్టుకోకూడదు. హోదా అన్నాక హోదా!" అని ఊదాడు. అంతే, కాకి ముక్కు పైకెత్తుకుని తిరగడం మొదలెట్టింది. నాలుగు రోజుల్లో అవ్వ వీపు మీద గోమార్లు ఊళ్ళు కట్టుకుని, సంతలు పెట్టుకుని, పెళ్ళిళ్ళు చేసుకున్నాయి. మూలుగు రెట్టింపయింది.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం నక్కా కాకీ మడుగుకి బయల్దేరారు. దారిలో పల్లేరుకాయ గుచ్చుకుని కుశలయ్య ఒంటికాలి మీద గెంతుతూ, "అబ్బ! ఈ ఎండలో తిరిగేకంటే చావడం నయం!" అన్నాడు. చావు మాటకో రాయి లెక్కన, గరుడాచలం ఉద్యోగధర్మంగా ఒక గులకరాయి ఏరి రెక్క కింద దాచుకున్నాడు. నక్క చూసుకోలేదు.

"అవ్వా, కుశలమా?"

"ఏం కుశలం నాయనా! ఆ దేవుడు తీసుకుపోతే హాయిగా పోదును."

కాకి ఒక రాయి పెట్టింది.

"అంత మాటంటారేం?"

"మరేమనమంటావురా? ఈ బతుకూ ఒక బతుకేనా? పోతే పీడాపోతుంది."

రెండో రాయి.

"మా అందరికీ మీరు కావాలవ్వా!"

"ఎవరికి కావాలి? ఇవాళ పోతే రేపటికి రెండు. పోనీ నన్ను!"

"మూడు!" అని అరిచాడు గరుడాచలం. "రేపు పొద్దున కొండ మీద తమకు కారుణ్య మరణం!"

వెన్నెలమ్మ నోట్లో నెమరు నోట్లోనే ఉండిపోయింది. "ఒరేయ్, మాటవరసకి అన్నానురా!"

"చట్టంలో మాటవరస లేదవ్వా" అన్నాడు కుశలయ్య, ఎంతో వినయంగా.

వాళ్ళు పోయాక వెన్నెలమ్మ మూలగలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. తొలకరికి ఇంకా పదిహేను రోజులే ఉంది. తొలి వాన పడ్డాక మడుగులో లేచే ఆ చల్లటి కొత్త బురద, మెడదాకా దిగితే కలిగే ఆ సుఖం, ఇంకొక్కసారి, కాదు, ఇంకో వందసార్లు కావాలి. "అరిచే నోరు నాదే, ఉరి తాడూ నాదే అయిందే!" అనుకుంది. పారిపోదామంటే మోకాళ్ళు రానంటాయి. వద్దని ఏడిస్తే బాధలో బుద్ధి నిలవలేదంటారు. నెమరేస్తూ ఆలోచించింది. గేదెకు నాలుగు అరల పొట్ట. నాలుగో అరలోకి దిగేసరికి ఉపాయం తట్టింది.

మర్నాడు కొండ మీద అడవంతా చేరింది. చీమలు కూడా పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చాయి. వెన్నెలమ్మ పెళ్ళికొచ్చినట్టు నవ్వుకుంటూ నడిచింది.

"ఏలికా, నేను సిద్ధం. దారి చూపినందుకు కుశలయ్య నూరేళ్ళు చల్లగా ఉండాలి. ఒక్కటే మనవి. నన్ను పాముల ఊబి దగ్గర కొట్టండి. నేనే నడుచుకుంటూ మెడదాకా దిగుతాను. దెబ్బ పడగానే ఊబి మింగేస్తుంది. ఎవరికీ మోత పని ఉండదు."

కుశలయ్య ఉలిక్కిపడ్డాడు. "ఊబిలోనా? అయ్యయ్యో, వద్దవ్వా! పాడైపోతుంది!"

"ఏం పాడైపోతుంది నాయనా?"

"అదే... మీ మోకాళ్ళు. ఊబి చల్లదనం మోకాళ్ళకు మంచిది కాదు."

"పోయాక మోకాళ్ళెందుకురా? సరే, ఊబి వద్దు. కొండ అవతలి లోయ అంచున కొట్టండి. అటే దొర్లిపోతాను."

"అవతలా? అటు చిరుతలున్నాయి! వాళ్ళకెందుకు? ఇవతలే మా పొద దగ్గర చదునుగా, నీడగా..."

"పోనీ, ఇక్కడే కానివ్వండి. కానీ కళేబరం మీద ఈ కొండ మీది రాళ్ళన్నీ పేర్చండి. ఒక్క తోక వెంట్రుక కూడా బయటికి కనపడకూడదు."

"రాళ్ళా!" కుశలయ్య రెండు చేతులతో తల బాదుకున్నాడు. "ఇంత కష్టపడి ఇదా నాకు! ఇంతకంటే నేను చస్తే బాగుండు!"

గరుడాచలం రెక్క కింద ఇంకో రాయి సర్దుకున్నాడు.

సింహం మీసాలు నెమ్మదిగా కదిలాయి. వెన్నెలమ్మ అప్పుడు నవ్వు ఆపింది. "ఒరేయ్ కుశలయ్యా, నా చేత చావు కావాలని నిన్న మూడు రకాలుగా అనిపించావు. ఎక్కడ నొప్పి అని ఒక్కసారైనా అడిగావట్రా?"

కొండ మీద ఎంత నిశ్శబ్దమంటే, చీమ ఆవులిస్తే వినపడింది.

"ఎక్కడ నొప్పి అవ్వా?" అని సింహమే అడిగింది.

"వీపు మీద, తోక అందనిచోట. ఈ గరుడాచలం దొరయిపోయాక గోమార్లు నన్ను పీక్కుతింటున్నాయి."

కాకి తల దించుకుని, ఎగిరి వీపు మీద వాలి, ఒకటి, రెండు, నూటపది ఏరేసింది. వెన్నెలమ్మ కళ్ళు మూసుకుని, "హమ్మయ్య! బతికానురా నాయనా!" అంది. ఆ ఊపిరికి కింద మడుగులో అలలు లేచాయి.

"ఈ చట్టాన్ని చించి పారేస్తాను" అని సింహం గర్జించింది.

"చించకండి" అని బండ కింద నుంచి చిన్న గొంతు వినిపించింది. గవరయ్య. నెలరోజుల్లో అతను మాట్లాడింది అదే. "నాకు నిజంగానే వెళ్ళాలని ఉంది ఏలికా. నొప్పెక్కడో అందరూ అడిగారు, చెయ్యగలిగిందంతా చేశారు. ఇక చాలు. కానీ వాడి చేతుల మీదుగా కాదు."

వెన్నెలమ్మ కుంటుకుంటూ వెళ్ళి అతని పక్కన కూర్చుంది. చట్టం చిరగలేదు, మారింది. ముందు నొప్పెక్కడో అడగాలి. తీర్చగలిగింది తీర్చాలి. ఆ తర్వాత కూడా అదే మాట అంటే, మళ్ళీ మళ్ళీ వినాలి. పోయేవాళ్ళ వల్ల పావు ముక్కైనా లాభమున్నవాడు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. వారం తిరగకుండా గవరయ్య వెళ్ళిపోయాడు. తల వెన్నెలమ్మ ఒళ్ళో పెట్టుకుని, తెల్లవారుతుండగా, తను కోరిన చోట. ఈ ముక్కలో మాత్రం రవ్వంత కూడా కలపలేదు.

ఆ రోజు కొండ మీద తీర్పు విని కుశలయ్య కాలు నేలకేసి కొట్టాడు. "నోటి దగ్గరి కూడు! ఛీ, ఈ బతుకు బతికేకంటే చావడం మేలు!"

"మూడు!" అని అరిచాడు గరుడాచలం, మూడు రాళ్ళూ బయటపెట్టి.

"మాటవరసకి అన్నాను! మాటవరసకి!"

"చట్టంలో మాటవరస లేదుగా!" అని అడవంతా ఒక్క గొంతుతో అంది. సింహం లేచి, ఒళ్ళు విరుచుకుంది.

కుశలయ్య పరుగు తీశాడు. ఆ పరుగుకి లేచిన దుమ్ము ఇప్పటికీ అణగలేదు, కావాలంటే బొగ్గులకొండకు వెళ్ళి చూసుకోండి. వాడు మూడో కొండ దాటుతుండగా వెన్నెలమ్మ గొంతు వెనక నుంచి తరుముకొచ్చింది. "ఆగరా నాయనా! కొత్త చట్టం ప్రకారం ముందు అడగాలిగా! ఎక్కడ్రా నీ నొప్పి?"

పరిగెడుతూనే అరిచాడు వాడు. "కడుపులో అవ్వా! కడుపులో!"

పోతానన్నవాళ్ళని నొప్పెక్కడని అడగాలి, పంపిస్తానన్నవాళ్ళని ఆకలెంతని అడగాలి.