పిలిస్తే పలికే కొండమ్మ

అనగనగా, అనగనగా, ఒక వాగు పక్కన పెద్ద అడవి ఉండేదట. ఆ వాగు గట్టు లోపల కొండమ్మ అనే పందికొక్కు బొరియ తవ్వుకుంది. పందికొక్కు అనగానే అలా మూతి విరవకండర్రా! మన కొండమ్మ ఎవరి గింజా ముట్టేది కాదు. పైగా అడవిలో అందరి గింజలూ వానాకాలం కోసం తన బొరియలో దాచిపెట్టేది. ఉడుతలు, ఎలుకలు, పూరేడుపిట్టలు అందరికీ ఆమే దిక్కు. తవ్వేవాళ్ళు, మోసేవాళ్ళు, ఆరబెట్టేవాళ్ళు, ఇంతమంది ఆమె కింద పనిచేసేవారు.

బొరియ గుమ్మం దగ్గర కొండమ్మ ఒక ఎండిన సొరకాయ బుర్ర వేలాడదీసింది. అందులో గులకరాళ్ళు పోసింది. పనిమీద వచ్చినవాళ్ళు దాన్ని ఊపితే గలగలమనేది. ఆ గలగల ఆగేలోపు కొండమ్మ గుమ్మంలో ఉండేది. తింటూ ఉన్నా సరే, లేచి వచ్చేసేది. "పిలిస్తే పలికేది కొండమ్మే!" అని అడవంతా మెచ్చుకునేది. ఆ మాట వింటే ఆమెకు కడుపు నిండిపోయేది.

ఒకరోజు ఉదయం కింది గదిలోకి దిగిన కొండమ్మకు కాళ్ళ కింద చల్లగా తగిలింది. నేల చెమ్మగా ఉంది. ఆ గదిలోనే ఆమె కూతురు రంగి పిల్లల్ని పెట్టింది. ఏడుగురు! ఇంకా కళ్ళు కూడా తెరవలేదు.

కొండమ్మ పరుగున వెళ్ళి ముసలి ఉడుమును పిలుచుకొచ్చింది. ఉడుము గోడను నాలుకతో తాకి చూసింది.

"అమ్మాయ్, వాగు ఇటువైపు కోసుకొస్తోంది. పెద్ద వాన పడిందంటే ఈ కింది గదులేవీ నిలవవు. బొరియలో వీటికంటే పైన వేరే గది లేదు" అంది.

"మరేం చెయ్యాలి మామా?"

"బొరియ వెనకున్న గుట్టలోకి, పైకి కొత్త దారి తవ్వాలి. అక్కడ గదులు కట్టుకోవాలి. కానీ గుట్ట నిండా బండలే. ఎక్కడపడితే అక్కడ తవ్వితే గోళ్ళు అరగడమే మిగులుతుంది. బొరియ చివర గోడకు చెవి పెట్టు. గోటితో కొడుతూ విను. బండ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో వరసగా గుర్తుపెట్టుకుంటూ పో. మెత్తటి మన్ను దొరికేదాకా మూడు పొద్దుటి పూటలు పడుతుంది. పూట ముగియకుండా మధ్యలో లేచావో, మళ్ళీ మొదటికే."

అలా వినగలిగిన చెవి ఆ బొరియలో కొండమ్మ ఒక్కదానికే ఉంది. రోహిణి ఎండలు అప్పటికే సగం అయిపోయాయి. వానలు రావడానికి ఇంకా పదిహేను పదహారు రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే కొండమ్మ చివర గోడకు చెవి పెట్టింది. టక్. టక్. ఇక్కడ బండ. ఇక్కడా బండే. ఇదిగో, ఇక్కడ పక్కకు తిరిగింది. ఆమె ఊపిరి బిగబట్టింది. అంతలో గుమ్మంలో గలగల!

కొండమ్మ పరుగెత్తింది. గుమ్మంలో పూరేడుపిట్ట.

"కొండమ్మక్కా, ఒక్క నిమిషం! మా ఆయన ఇటు వచ్చాడా?"

"రాలేదమ్మా" అని చెప్పి కొండమ్మ తిరిగొచ్చింది. బండ ఎక్కడ పక్కకు తిరిగిందో గుర్తురాలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. సగానికి వచ్చిందో లేదో, గలగల!

ఈసారి రెండు ఉడుతలు. "ముందు నేనొచ్చాను!" "కాదు, నేను!" అని జుట్టూ జుట్టూ పట్టుకున్నాయి. వాటిని విడదీసేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. మూడోసారి గలగలమంటే వచ్చింది గోదురుకప్ప.

"ఏం కావాలి?" అంది కొండమ్మ రొప్పుతూ.

"ఏమీ లేదు కొండమ్మా. ఊరికే పలకరించి పోదామని."

సాయంత్రానికి గోడ దగ్గర పని అంగుళం కూడా ముందుకు సాగలేదు. 'రేపు చేస్తాలే. ఇవి మాత్రం పనులు కావా ఏమిటి?' అనుకుంది కొండమ్మ. రేపూ అలాగే గడిచింది. ఎల్లుండీ అంతే. రోజంతా ఊపిరి సలపని పని. కాళ్ళు లాగేస్తున్నాయి. అందరూ మెచ్చుకుంటున్నారు. కానీ తడి మన్ను వాసన తగిలినప్పుడల్లా ఆమె కింది గది వైపు చూసేది. అయినా బుర్ర మోగగానే, హమ్మయ్య అనుకుంటూ లేచేది. ఎందుకో తెలుసా? ఆ గోడ దగ్గర కూర్చుంటే భయం. గుమ్మంలో అయితే మెప్పు.

అలా ఎనిమిది రోజులు పోయాయి.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. జల్లు పడింది. పెద్దదేం కాదు, కాసేపు కురిసింది, అంతే. కింది గదిలో దబ్బుమని చప్పుడైంది. కొండమ్మ ఒక్క ఉదుటున దిగింది. గోడ మూల విరిగిపడింది. బురదలో రంగి పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరిచి పక్కకు లాగుతోంది. ఆరుగురు దొరికారు. ఏడోదాన్ని మట్టి కింద నుంచి కొండమ్మే తవ్వి తీసింది. అది కాసేపు కదల్లేదు. తర్వాత చిన్నగా కీచుమంది.

కొండమ్మ భయం కోపంగా బయటికొచ్చింది. "గోడ ఇలా ఉబ్బుతుంటే నాకు చెప్పవేం?"

"చెబుదామని మూడుసార్లు వచ్చానమ్మా" అంది రంగి. "వచ్చినప్పుడల్లా బుర్ర మోగింది, నువ్వు గుమ్మానికి పరుగెత్తావు. నేను లోపలిదాన్ని కదా, బుర్ర ఊపలేదు. నీకు తీరికైనప్పుడు చెబుదామనుకున్నాను."

కొండమ్మ కూతురి ముందు తలెత్తుకోలేకపోయింది. నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్ళి సొరకాయ బుర్రను కొరికి కింద పడేసింది. గోదురుకప్పను పిలిచింది.

"నీకు మాటలు కావాలిగా, ఇక్కడ కూర్చో. పొద్దున పూట కొండమ్మ ఎవరికీ దొరకదని చెప్పు. మధ్యాహ్నం రమ్మను."

"మరీ అవసరమంటే?"

"ప్రాణాల మీదికొస్తే పిలువు. మిగతావి ఆగుతాయి."

మర్నాడు గోడకు చెవి పెట్టిందే గానీ, ఆమె మనసు గుమ్మంలోనే ఉంది. పైన ఎవరో అరుస్తున్నారు. "కొండమ్మకు ఎంత పొగరు!" అన్న మాట స్పష్టంగా వినబడింది. కాళ్ళు ఆగనన్నాయి. 'ఒక్కసారి వెళ్ళొస్తే?' అనిపించింది. పళ్ళు బిగించి కూర్చుంది. టక్. టక్. బండ. బండ. రెండో పొద్దూ బండే. 'ఎక్కడా మన్ను లేకపోతే?' అని చెమటలు పట్టాయి. మూడో పొద్దున, గోటి కింద మెత్తగా, మందంగా మోగింది. కొండమ్మకు ఏడుపొచ్చింది.

ఆ వెంటనే అందరూ తవ్వకానికి దిగారు. మూడు రోజులు ఏకబిగిన తవ్వారు. గుట్టలో ఒక గది తయారైంది. పిల్లల్ని చేర్చారు. గింజలు మోయడం మొదలుపెట్టారు. నాలుగో వంతు కూడా మోయలేదు, అసలు వాన దిగింది. వాగు పొంగి గట్టును కోసేసింది. కింది గదులు, గింజలతో సహా, కళ్ళముందే కొట్టుకుపోయాయి.

గుట్టలోని ఇరుకు గదిలో అందరూ ఒకరినొకరు ఒత్తుకుని కూర్చున్నారు. పిల్లలు ఏడుగురూ వెచ్చగా ఉన్నారు. కానీ మిగిలిన గింజలు ఇంతమందికి పది రోజులకు కూడా రావు. అందరికీ అదే గుబులు.

పూరేడుపిట్ట మెల్లగా అడిగింది. "కొండమ్మక్కా, ఇంకో ఎనిమిది రోజులుంటే అన్నీ మోసేసేవాళ్ళం కదా?"

"ఉండేవమ్మా ఆ ఎనిమిది రోజులూ" అంది కొండమ్మ.

పూరేడుపిట్ట తల దించుకుంది. "అయితే తప్పు మాదే. ఊరికే పిలిచి నిన్ను లేపాం."

కొండమ్మ తల అడ్డంగా ఊపింది. "పిలిచింది మీరే. లేచింది మాత్రం నేను."

నీతి: పిలిచిన ప్రతిసారీ లేచి వెళ్ళేవారికి, పిలవకుండా ఎదురుచూసే అసలు పని ఎప్పటికీ పూర్తికాదు. దానికంటూ ఒక వేళ పెట్టుకుని, ఆ వేళను కాపాడుకోవాలి.