సింహాద్రమ్మ కాచిన జావ

విజయనగరంలో ఒక ఆటల హాస్టలుకి వంట చేసే సింహాద్రమ్మ చేతి వంట అమృతమే గానీ, ఆ వంటకి వంక పెట్టినవాళ్లకి మాత్రం ఆవిడ నోట్లో తిట్లు సిద్ధంగా ఉండేవి. పిల్లల్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా అన్నం మాన్పించి గోధుమరవ్వ జావ కాచి ఇచ్చేది. తాగినవాళ్లు రెండోరోజుకల్లా లేచి తిరిగేవాళ్లు.

ఒక్క పైడితల్లి తప్ప. బరువులెత్తడంలో జిల్లాకే పేరు తెచ్చిన పిల్ల అది. ఆర్నెల్లుగా కడుపుబ్బరం, విరేచనాలు, నీరసం. ముఖం తెల్లగా పాలిపోయింది, ఆసుపత్రి మందులకీ తగ్గలేదు. సింహాద్రమ్మ ఊరుకుంటుందా? పూటపూటా జావే.

"అత్తా, ఇది తాగితే ఇంకా నొప్పెడుతోంది" అంది పైడితల్లి ఒకనాడు.

"వందమందిని లేపిన జావే ఇది. బజార్లో బజ్జీలు తినొచ్చి తప్పు నా జావ మీద పెడతావేం?" అని కసిరింది సింహాద్రమ్మ.

కోచ్ వరహాలు మాస్టారు పిల్ల బరువు తూచి తల పట్టుకున్నాడు. "నెలాఖరుకి తేరుకోకపోతే ఇంటికి పంపెయ్యాలి తల్లీ" అన్నాడు. పైడితల్లి గోడవైపు తిరిగి పడుకుంది.

అంతలో సింహాద్రమ్మ చెల్లెలింట పెళ్లికి పదిరోజులు వెళ్లింది. బదులు వచ్చిన మనిషికి అన్నం, చారు తప్ప మరో వంట రాదు. తిరిగొచ్చేసరికి పైడితల్లి రెండు బకెట్లు పట్టుకుని మెట్లెక్కుతోంది. సింహాద్రమ్మ పొంగిపోయి, బలానికని మళ్లీ జావ పోసింది. మూడోరోజుకి పిల్ల మళ్లీ మంచమెక్కింది.

సింహాద్రమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. జావ లేని పదిరోజులే పిల్ల లేచి తిరిగిందని ఆవిడకి అర్థమైంది, సిగ్గేసింది. అయినా పిల్లలందరూ భోజనానికి కూర్చున్నచోటే చెప్పేసింది. "మాస్టారూ, ఈ పిల్లకి పడనిది నా జావే. ఆసుపత్రికి పదండి, డాక్టరమ్మకి నేనే చెప్తాను."

డాక్టరమ్మ అంతా విని, "ఇన్నాళ్లూ అందరూ నొప్పి గురించే చెప్పారు. తిండి గురించి చెప్పింది మీరొక్కరే" అంది. "పరీక్షలయ్యేదాకా గోధుమ మాన్పించకండి. మాన్పిస్తే జబ్బు దొరక్కపోవచ్చు."

రక్తపరీక్ష, ఎండోస్కోపీ అయ్యేదాకా వారంరోజులు అదే జావ తన చేత్తోనే పోసింది సింహాద్రమ్మ. పోసిన ప్రతిసారీ కళ్లు తుడుచుకుంది.

జబ్బు పేరు సీలియాక్ అని తేలింది. గోధుమలో ఉండే గ్లూటెన్ ఆ పిల్ల పేగుని దెబ్బతీస్తోంది. చపాతీ, బ్రెడ్డు, బొంబాయిరవ్వ, మైదా, అన్నీ జీవితాంతం మానాలి, చిటికెడు కూడా తగలకూడదు. సింహాద్రమ్మ పైడితల్లికి వేరే మూకుడు, వేరే గరిటె పెట్టింది. పొడి ఇంగువలోనూ గోధుమపిండి కలుపుతారని తెలిసి, తన పేరు నిలబెట్టిన ఇంగువ పులుసునే మానేసింది. జొన్నరొట్టెలు నేర్చుకుంది, రాగిజావ కాచింది. మాస్టారు కూడా పిల్లని పంపెయ్యకుండా ఆగాడు.

ఏడాది తిరిగింది. రాష్ట్ర పోటీల్లో పైడితల్లి బరువు తలమీదికెత్తి కదలకుండా నిలబడింది. కింద క్యారియరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న సింహాద్రమ్మకి గుండె ఉప్పొంగింది.

"ఏం పెట్టి పెంచారమ్మా ఈ పిల్లని?" అని అడిగాడు పక్కాయన.

"పెట్టిందానికేముంది నాయనా, అందరూ పెడతారు" అంది సింహాద్రమ్మ తలెత్తి. "ఏం మానేశానో అడుగు, చెప్తాను."

నీతి: ప్రేమతో పెట్టడం గొప్పే. కానీ ఎదుటివారికి ఏది పడదో వారి మాట విని తెలుసుకుని, మన తప్పు ఒప్పుకుని మానుకోవడం అంతకంటే గొప్ప.