మూడు అలుగులు

అనగనగా, ఎండలకి ఆకులన్నీ రాల్చేసి వాన కోసం మెడ చాచి చూసే ఒక అడవిలో, పొలుసమ్మ అనే తల్లి అలుగు ఉండేది. అలుగు తెలుసు కదా పిల్లలూ? ఒళ్లంతా పెంకుల్లాంటి పొలుసులు, పళ్లు లేని నోరు, చీమల్ని జుర్రుకునే పొడుగాటి నాలుక. భయమేస్తే గుండ్రంగా చుట్టుకుపోతుంది. పొలుసమ్మకి ఒక్కతే కూతురు. అది ఎప్పుడు చూసినా చుట్టుకునే ఉండేది కాబట్టి తల్లి దానికి బంతి అని పేరు పెట్టుకుంది.

ఆ అడవిలో ఒక బడి ఉండేది. అక్కడి వాగు ఎండిపోయి ఏడేళ్లయింది, ఆ వాగు ఇసుకలోనే కొండగొర్రె పంతులుగారు పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పేవారు. ఆయన ఎక్కడో కొండ మీద పుట్టి పెరిగారు. మంచివారే. కాకపోతే చదువంటే ఆయన దృష్టిలో వల్లె వేయడమే.

బంతి బడికి వెళ్లిన మొదటి రోజే పంతులుగారు "నీ పేరేమిటే?" అని గట్టిగా అడిగారు. అంతే, బంతి చుట్టుకుపోయింది. సాయంత్రం దాకా విప్పుకోలేదు. కుందేలు పిల్లలు దాన్ని అటూ ఇటూ దొర్లించి ఆడుకున్నారు. అది చూసి పొలుసమ్మ గుండె చెరువైంది.

"రేపట్నుంచి నా బిడ్డకి నేనే చదువు చెప్పుకుంటాను," అంది.

అడవిలో వేళ్లున్నవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. వేళ్లు లేనివాళ్లు చేతనైనది వేసుకున్నారు. విషయం అడవికి పెద్దదిక్కయిన ఎలుగు తాత దాకా వెళ్లింది.

"సరేనమ్మా," అన్నాడు తాత. "తొలకరిలో బడి పిల్లలతో పాటు బంతికీ పరీక్ష పెడదాం. నెగ్గితే నీ ఇష్టం. తప్పితే మాత్రం బడికి పంపాల్సిందే. పరీక్షప్పుడు కన్నవాళ్లు నోరెత్తకూడదు."

పొలుసమ్మ ఒప్పుకుంది గానీ, ఆ రోజు ఒక్క చీమ కూడా గొంతు దిగలేదు.

మర్నాడు ఇరుగుపొరుగు దగ్గరికి వెళ్లి పాఠాలకి పనికొచ్చేవన్నీ అడిగి తెచ్చింది. పాము విడిచిన కుబుసం, నెమలి ఈక, ముళ్లపంది ముల్లు, రకరకాల గింజలు. అన్నీ బొరియలో వరసగా పెట్టింది. బంతి వాటిని ముట్టుకుని, వాసన చూసి, రుచి కూడా చూసి నేర్చుకునేది. వారానికొకసారి షికారు ఉండేది. అమ్మ తోక మొదట్లో ఎక్కి కూర్చుంటే చాలు, అలుగు పిల్లలకి అదే బండి.

మొదటి షికారు చెదపుట్టకి. "బయట ఇంత ఎండగా ఉంది కదా, పుట్ట లోపల చల్లగా ఎందుకుందే?" అని అడిగి పొలుసమ్మ ఊరుకుంది. బంతి రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పుట్ట నిండా గాలి పోయే సందులున్నాయని తనే కనిపెట్టి, ఆనందం పట్టలేక దొర్లింది.

రెండో షికారు ఉడుత ఇంటికి. ఉడుత అత్త దాచిన గింజలు సగం ఎక్కడ దాచిందో మరిచిపోయింది. అక్కడల్లా మొక్కలు లేచాయి. "అయితే మరిచిపోవడం కూడా మంచిదేనమ్మా!" అంది బంతి. దీన్ని తప్పనాలో ఒప్పనాలో పొలుసమ్మకి తెలియలేదు.

మూడో షికారు అడవి అంచున ఉన్న చెరువుకి. చాలా దూరం. మండుటెండ. దారిలో బంతి "నేను రాను, నాకాకలి," అని మూతి ముడుచుకుంది. పొలుసమ్మ బుజ్జగించి తీసుకెళ్లింది. చెరువు అడుగున కాసిని నీళ్లే ఉన్నాయి. గట్టు చివర ఒకచోట రాళ్లు పేర్చి కట్టిన పొట్టి గోడ ఉంది.

"ఇదేమిటో తెలుసా? అలుగు," అంది పొలుసమ్మ.

"అలుగంటే నేను కదా!"

"ఇదీ అలుగే. కొండల మీంచి వచ్చే వాననీళ్లతో చెరువు నిండాక, గట్టు తెగిపోకుండా ఎక్కువైన నీళ్లు దీని మీంచి బయటికి పోతాయి. అప్పుడు 'అలుగు దూకింది' అంటారు. మా అమ్మమ్మ చెప్పింది."

"దూకి ఎక్కడికి పోతాయి?"

"నువ్వే చూడు."

బంతి తోక దిగి నడిచింది. అలుగు కింద నుంచి రాళ్ల మధ్యగా నడిచి, మలుపులు తిరిగి, చివరికి తెల్లటి ఇసుక దగ్గర తేలింది. ఆ ఇసుకలో బడి ఉంది.

పొలుసమ్మ కూతుర్ని ముద్దు పెట్టుకుంది. "మూడో అలుగు కూడా ఉందే. దారిలో మూతి ముడుచుకున్నావే, అదీ అలగడమే. అలిగిన అలుగు అలుగు చూడ్డానికి వచ్చింది!" బంతి పకపకా నవ్వింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. కొండల మీద మూడు రోజులుగా వాన పడుతోంది గానీ అడవిలో చుక్క లేదు, ఎండ కాస్తోంది. పిల్లలు ఇసుకలో కూర్చున్నారు. తల్లులూ తండ్రులూ ఎలుగు తాతా దూరంగా వాగు గట్టు మీద నిలబడ్డారు.

"అలుగు అంటే ఏమిటి?" అని అడిగారు పంతులుగారు.

"అలుగు అంటే ఒక జంతువు! అలుగుకి పొలుసులుండును! అలుగుకి పళ్లుండవు!" అని పిల్లలంతా గడగడా అప్పజెప్పారు.

"బంతీ, ఇప్పుడు నువ్వు చెప్పు."

అందరూ తన వైపే చూసేసరికి బంతి చుట్టుకుపోయింది. అయిపోయింది, నా బిడ్డని బడికి పంపాల్సిందే అనుకుంది పొలుసమ్మ. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే చెరువు గట్టున కాపురముండే తీతువు పిట్ట అరుచుకుంటూ వచ్చింది. "అలుగు దూకుతోంది! అలుగు దూకుతోంది!"

పిల్లలు పడీపడీ నవ్వారు. "ఎక్కడ దూకుతోంది? చుట్టుకునే ఉందిగా!" గట్టు మీద పెద్దలూ నవ్వారు. ఏడేళ్లలో ఆ మాటకి ఇంకో అర్థముందనే మరిచిపోయారు. ఎలుగు తాతకి చెవుడు, ఏమీ వినపడలేదు.

పొలుసమ్మకి మాత్రం పైప్రాణాలు పైనే పోయాయి. పరీక్ష పోతే పోనీ అనుకుని "పరుగెత్తండి!" అని అరిచింది. పళ్లు లేని నోరు, బుస తప్ప కేక రాదు. ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. పొట్టి కాళ్లతో ఇసుక వైపు పరుగు తీసింది. విప్పుకో తల్లీ, ఒక్కసారి విప్పుకో అని మనసులోనే వేడుకుంది.

తీతువు మాట అర్థమై బంతి విప్పుకుంది. గోళ్లతో గబగబా ఇసుక తవ్వింది. జానెడు లోతుకే నీళ్లు ఊరాయి.

"పంతులుగారూ, దూకేది నేను కాదు, చెరువు! నీళ్లు ఇక్కడికే వస్తాయి. దారి నేను నడిచి చూశాను!"

పంతులుగారు ఆ గుంట చూశారు. నిన్నటిదాకా పొడిగా ఉన్న ఇసుక అది. "గట్టెక్కండర్రా!" అని పిల్లల్ని ముందు తోలి, అందరికన్నా చివర తను ఎక్కారు. బంతి అమ్మ తోక ఎక్కేసింది. ఆఖరి డెక్క గట్టు మీద పడిందో లేదో, ఎర్రనీళ్లు నురగలు కక్కుతూ వచ్చి, పిల్లలు కూర్చున్న చోటుని నిలువునా ముంచేశాయి.

తల్లులు పిల్లల్ని కావలించుకుని ఏడ్చారు. పంతులుగారు బంతి దగ్గరికొచ్చి మెల్లిగా అన్నారు. "అలుగంటే ఏమిటో నాకు సగమే తెలుసు తల్లీ. మిగతాది నువ్వు చెప్పు."

ఈసారి బంతి చుట్టుకోలేదు. "అలుగులు మూడండీ. ఒకటి నేను. రెండోది చెరువుది."

"మరి మూడోది?"

"రేపు మా అమ్మ నన్ను బడిలో వేస్తే, నేను చేసేది!"

అడవంతా గొల్లున నవ్వింది. ఎవరో చెవిలో అరిచి చెప్పాక ఎలుగు తాత కూడా నవ్వాడు. ఆ తర్వాత వారం పొలుసమ్మ షికారుకి బయల్దేరితే తోక మీద బంతి, వెనకాల బడి పిల్లలంతా, అందరికన్నా వెనక కొండగొర్రె పంతులుగారు. దారిలో పంతులుగారే ఎక్కువ ప్రశ్నలు అడిగారట.

నీతి: వల్లె వేసిన మాట నోటి దాకే వస్తుంది; కళ్లతో చూసి, కాళ్లతో నడిచి నేర్చుకున్న మాట ఆపదలో అక్కరకొస్తుంది.