గంప కింద ఎర్రపెట్ట

అనగనగా పంటకాలువ పక్కన ఒక చిన్న పాక. పాక వెనకాల దొడ్డి. ఆ దొడ్డిలో ఒక గేదె, ఒక మేక, ఒక కుక్క, ఒక ఎర్ర కోడిపెట్ట ఉండేవి. కూలికెళ్లి బతికే సత్తెమ్మ వాటిని సాకేది.

ఎర్రపెట్ట గుడ్ల మీద కూర్చుంది. పొదిగే కోడికి ఎంత కోపమో తెలుసుగా పిల్లలూ? దగ్గరికి ఎవరొచ్చినా ఒళ్లంతా ఉబ్బించి మీదకి దూకుతుంది. కుక్క ఊరికే వాసన చూద్దామని వెళితే ముక్కు మీద పొడిచింది. మేక గడ్డిపరక కోసం మూతి పెడితే పెదవి చిట్లగొట్టింది. గేదె గుంజకి కట్టేసి ఉంది, కోడి ముక్కుకి అందలేదు. అందుకని దాన్ని తిట్టింది.

"నీ తోక గాలికి నా గుడ్లు చల్లారిపోతున్నాయి. అటు తిరిగి నిలబడు!"

దాంతో ముగ్గురూ దానితో మాట్లాడటం మానేశారు.

ముంగిస వస్తుందని సత్తెమ్మకి భయం. రోజూ పొద్దున్నే కోడికి గింజలు వేసి, మళ్లీ గుడ్ల తట్టలో కూర్చోబెట్టి, పైన గంప బోర్లించేది. గంప మీద బరువైన రాయి పెట్టేది. ఆ రోజు కూడా అలాగే పెట్టి నాట్లకి వెళ్లిపోయింది.

ఎండ నడినెత్తికొచ్చింది. పైన ఎవరో కాలువకి నీళ్లు వదిలారు. గట్టు ఒకచోట తెగింది. చప్పుడు లేకుండా నీళ్లు దొడ్డిలోకి పాకాయి. మిగతావాళ్లు మెరకన, పశువుల పాకలో నీడకి పడుకున్నారు. పల్లంలో ఉన్నది గంప ఒక్కటే.

తట్ట అడుగు తడిసింది. ఎర్రపెట్ట గయ్యిమంది.

"ఎవర్రా అది? నా తట్ట తడిపింది ఎవరు?"

"మొదలెట్టింది వదినగారు," అంది మేక. ఎవరూ లేవలేదు.

కాసేపటికి మళ్లీ అరుపు. "మేకా! నీ పనేనా? బయటికొచ్చానంటే నీ గడ్డం పీకేస్తాను!"

"పీకుదువుగాని, ముందు బయటికి రా," అని మేక అటు తిరిగి పడుకుంది.

మూడోసారి అరుపులో తిట్టు లేదు.

"ఎవరన్నా రండర్రా... ఎవరన్నా..."

కుక్క చెవులు లేచాయి. "అది కోపం గొంతు కాదు మేకక్కా."

"నీ ముక్కు మానిందా?"

"మానలేదు. అయినా చూసొస్తాను."

వెళ్లి చూస్తే ఏముంది? గంప చుట్టూ నీళ్లు. అల్లిక సందుల్లోంచి కోడి కన్ను ఒకటే కనపడుతోంది.

"గుడ్ల దాకా వచ్చేస్తున్నాయిరా," అంది ఎర్రపెట్ట. "ఈ పూటో రేపో పిల్లలయ్యేవి. ఎలాగైనా తియ్యి."

కుక్క గంప అంచు పట్టి లాగింది. రాయి బరువుకి కదల్లేదు. మొరిగి మొరిగి మేకని లేపింది. మేక వచ్చి కొమ్ములతో ఒక్క కుమ్ము కుమ్మింది. గంప జరిగింది కానీ లేవలేదు. అంచు వెళ్లి తట్టకి కొట్టుకుంది.

"ఆగు తల్లీ, ఆగు! గుడ్లు పగులుతాయి!" అని కోడి ఏడ్చింది.

అప్పుడు కుక్క గేదె దగ్గరికి పరిగెత్తింది. "గేదెత్తా, నీ కొమ్ము కావాలి."

"కొమ్ముదేముందిరా, పలుపు చూడు," అంది గేదె మెడ తాడు గుంజి చూపిస్తూ. "అందాకా రానివ్వదు."

కుక్క మేక వైపు చూసింది.

"నేను కొరకనమ్మా! కట్టుతాడు నమిలితే సత్తెమ్మ నా వీపు పగలగొడుతుంది," అంది మేక.

"పగలగొడుతుంది," అంది గేదె. "కొరుకు."

మేక ఒకసారి గంప వైపు చూసింది. తాడు నోట పెట్టి కరకరా నమిలేసింది.

గేదె నీళ్లలో దిగి నడిచింది. కొమ్ము కొన గంప అంచు కిందకి మెల్లిగా దూర్చి తల పైకెత్తింది. రాయి అవతల పక్కకి దబ్బున పడింది. గంప కొమ్ముకి వేలాడింది.

"దూకెయ్ వదినా!" అంది మేక.

"గుడ్లొదిలి రాను."

ఇక వాదించే తీరిక లేదు. కుక్క తట్ట అంచు పళ్లతో పట్టి లాగింది. మేక వెనక నుంచి తలతో నెట్టింది. నీళ్లలో తట్ట జారుతూ వచ్చింది. కోడి రెక్కలు పరుచుకుని గుడ్ల మీంచి కదల్లేదు. అందరూ కలిసి దాన్ని మెరకనున్న గడ్డిమేటు పక్కకి చేర్చారు.

కుక్క ముక్కు తట్ట అంచుకే ఉంది. అయినా ఎర్రపెట్ట పొడవలేదు. "దగ్గరగా పడుకోరా, గుడ్లకి కాస్త వెచ్చగా ఉంటుంది," అంది.

గట్టు తెగిందని తెలిసి సత్తెమ్మ మోకాళ్ల దాకా బురదతో పరిగెత్తుకొచ్చింది. ముందు పల్లం వైపు చూసింది. గంప లేదు, తట్ట లేదు. "అయ్యో నా కోడి!" అని గుండె పట్టుకుంది. తరవాత కొమ్ముకి గంప తగిలించుకుని నిలబడ్డ గేదెని చూసింది. మేక నోట్లో తాడు ముక్క చూసింది. అప్పుడు గడ్డిమేటు పక్కన కోడి కనపడింది.

గబగబా వెళ్లి కోడి కింద చెయ్యి పెట్టింది. గుడ్లు వెచ్చగానే ఉన్నాయి. ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుంది. లోపల టిక్, టిక్ అని ఎవరో తలుపు తడుతున్నట్టు చప్పుడు.

"హమ్మయ్య," అని సత్తెమ్మ ఉన్నచోటే చతికిలబడింది. మేకని కొట్టలేదు.

నీతి: నిన్ను పొడిచినవాళ్లయినా సరే, పిలిస్తే ముందు వెళ్లి చూడు. పోట్లాట రేపు పెట్టుకోవచ్చు, మునిగిపోయేవాళ్లు రేపటిదాకా ఆగలేరు.