గవరయ్య అందించని కేక

అనగనగా తూర్పు కొండల్లో ఒక గెడ్డ. గెడ్డంటే కొండవాగు, పిల్లలూ. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో నీళ్లకంటే ఇసుకే ఉండేది. మెత్తటి ఇసుక కనబడితే ఎవరికి ఆశ పుట్టదు? కుందేళ్లూ, ఏదుపందులూ, ఎలకలూ అక్కడే కాపురాలు పెట్టేశాయి.

పైన కొండబండ దగ్గర పైడమ్మ అనే తీతువు పిట్ట ఉండేది. ఎగువన వాన కురిసి గెడ్డ పొంగితే ముందు కనబడేది దానికే. అది అరిచేది. మలుపులో నేరేడుచెట్టు మీద గవరయ్య అనే ముసలి కొండముచ్చు ఆ కేక అందుకుని "ఖక్! ఖక్!" అని కిందికి అందించేవాడు. అది వినగానే అందరూ పిల్లల్ని నోట కరుచుకుని మెట్టు, అంటే ఒడ్డునున్న ఎత్తు నేల, ఎక్కాలి. ఎందుకని అడగకూడదు. అదీ అక్కడి కట్టుబాటు.

ఆ ఏడు తొలకరిలో పైడమ్మ అరిచింది. గవరయ్య అందించాడు. అందరూ మెట్టెక్కారు. గెడ్డలో చీలమండ లోతు నీళ్లు వచ్చి పోయాయి. కొన్నాళ్లకు మళ్లీ అరిచింది. ఈసారి చుక్క నీరు రాలేదు. ఎండలో మెట్టెక్కి దిగినవాళ్లకు ఒళ్లు మండింది.

"దిక్కుమాలిన పిట్ట! దాని నోట ఎప్పుడూ ఏడుపే," అన్నాడు ఏదుపంది సన్నాసి.

ఆ రోజుల్లోనే దాలమ్మ అనే కుందేలు ఈనింది. అంతకుముందు కాన్పు పిల్లల్ని నక్క తినేసింది. ఈసారి పుట్టిన ముగ్గురూ బతికారు. ఇసుకలో బారసాల పెట్టుకుంది. పేర్లు పెట్టే పెద్దరికం గవరయ్యదే.

ముందురోజు దాలమ్మ చెట్టుకిందికి వచ్చి బతిమాలింది. "అన్నా, రేపొక్క పూట ఆ తీతువు కూత నా బిడ్డల చెవిన పడనీకు. అపశకునమంట."

"నానున్నాను కదమ్మా, నీకేటి బెంగ?" అన్నాడు గవరయ్య. దాలమ్మంటే వాడికి సొంత చెల్లెలికంటే ఎక్కువ. రాత్రంతా కూర్చుని మూడు మంచి పేర్లు ఆలోచించుకున్నాడు.

తెల్లారింది. పొద్దెక్కేసరికి కింద ఎండ ఫెళ్లున కాస్తోంది. ఎగువన మాత్రం కొండ కనబడనంత నల్లగా కమ్మింది. పిడుగులు పడుతున్నాయి.

పైడమ్మ అరిచింది. గవరయ్య గొంతు దాకా వచ్చిన కేకను మింగేశాడు. 'శుభకార్యం. ఇప్పుడా?' అనుకున్నాడు.

పైడమ్మ మళ్లీ అరిచింది. గవరయ్య చెవులు మూసుకున్నాడు.

మూడోసారి అది చెట్టు మీదికే వచ్చి వాలింది. గెడ్డ అంచున రాళ్లమధ్య పొదుగుతున్న గుడ్లను వదిలేసి వచ్చింది.

"బావా! నీకు నోరు పడిపోయిందేటి? గెడ్డ వచ్చేస్తోంది!"

"కాసేపాగు పైడమ్మా. నాను దిగి పేర్లు పెట్టడం అయిపోనీ."

"నీళ్లు ఆగుతాయేటి?" అని పైడమ్మ తానే కిందికి దూసుకుపోయింది. బారసాల మీద తిరుగుతూ గుండెలు పగిలేలా అరిచింది. సన్నాసి దానిమీద ఇసుక చల్లాడు. "పో! నిజంగా గెడ్డొస్తే గవరయ్య అరవడా?" అన్నాడు. దాలమ్మ నేరేడుచెట్టు వైపు చూసింది. చెట్టు మీద చప్పుడు లేదు. నిజంగా ఆపదైతే అన్న తన మాట పక్కనపెట్టి అరుస్తాడనుకుని ఆమె నిశ్చింతగా పిల్లల్ని నాకుతూ కూర్చుంది.

అప్పుడు రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినబడింది. గవరయ్య కొమ్మ చివరికి దూకాడు. "ఖక్! ఖక్!" అని అరిచాడు, అరిచాడు. ఎర్రటి నీరు, చెట్లూ బండలూ మోసుకుంటూ, ఆ కేకతో పాటే మలుపు తిరిగింది.

దాలమ్మ ఒక పిల్లను మెట్టు మీద పడేసింది. రెండోదాని కోసం వెనక్కి దూకింది. మళ్లీ రాలేదు. సన్నాసి రాలేదు. మిగతా కుందేళ్లలో, ఏదుపందుల్లో, ఎలకల్లో ఒక్కటీ రాలేదు.

సాయంత్రానికి నీళ్లు తగ్గాయి. పైడమ్మ తన బండ దగ్గరికి వెళ్లింది. గుడ్లున్న చోట బురద ఉంది.

మెట్టు మీద మిగిలిన కుందేలుపిల్ల వణుకుతూ అడిగింది. "మామా, నా పేరేటి?"

గవరయ్య నోరు తెరిచాడు. మూడు పేర్లూ గుర్తున్నాయి. ఒక్కటీ పైకి రాలేదు. పిల్లను ఒళ్లోకి తీసుకుని ఏడ్చాడు.

ఆ తర్వాత పైడమ్మ అరిచిన ప్రతిసారీ గవరయ్య కేక అందించాడు, ఒక్కటి కూడా వదల్లేదు. మెట్టెక్కడానికి కింద ఎవరూ లేరు.

నీతి: చేదుగా ఉందని హెచ్చరికను దాచిపెడితే ఆపద ఆగదు, తప్పించుకునే వేళ దాటిపోతుంది.