నిలబడి కట్టిన దండలు

"పేరమ్మ పడిపోయిందర్రోయ్!"

ఆ కేక పూలవీధి మొదట్లో పుట్టి చివరిదాకా పరిగెత్తింది. అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యంలో ఒక వీధి, ఆ వీధిలో రాజుగారి పూలకొట్టు అంటూ నింపాదిగా మొదలుపెట్టవలసిన కథ ఇది. కానీ అంత కేక వినపడ్డాక ఎవరాగుతారు?

నూతి దగ్గర నీళ్ళు తోడుతున్న నాంచారమ్మ ఆగలేదు. బిందె అక్కడే వదిలేసి పరిగెత్తింది. తన చేతికి దారమిచ్చి, దండ ముడి నేర్పిన మనిషి పేరమ్మ.

పూలకొట్టులో మల్లెల గంప పక్కన పేరమ్మ కూలబడి ఉంది. దెబ్బలేం తగల్లేదు గానీ, కాళ్ళు రెండూ బూరెల్లా పొంగిపోయాయి.

పిల్లలూ, మీ ఇంట్లో దండ ఎలా కడతారు? చక్కగా చాప వేసుకుని, ఒళ్ళో పూలు పోసుకుని, కాలి బొటనవేలికి దారం తగిలించి కడతారు కదూ. రాజుగారి పూలకొట్టులో అలా కాదు. స్తంభానికి మేకు కొట్టి, ఆ మేకుకు దారం తగిలించి, పొద్దుటి నుంచి దీపాలవేళ దాకా నిలబడే కట్టాలి. మధ్యాహ్నం సద్దిమూట కూడా నిలబడే తినాలి.

కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు. గోడమీద రాయలేదు, చాటింపు వేయలేదు. కొత్తగా చేరినవాళ్ళు తెలియక కూర్చుంటే మాత్రం, అందరి చేతులూ ఆగిపోయేవి, అందరి కళ్ళూ అటే తిరిగేవి. అంతే, వాళ్ళు తేలు కుట్టినట్టు లేచి నిలబడేవారు. నాంచారమ్మా అలా లేచినదే.

ఎవరూ చెప్పకపోయినా అందరికీ తెలిసిన సంగతి ఇంకొకటుంది. నిలబడలేనివాళ్ళు మర్నాటి నుంచి పనిలోకి రారు. పేరమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఈ పని పోతే ఆమె పొయ్యిలో పడుకున్న పిల్లి లేవదు.

అసలెందుకు నిలబడుతున్నామని నాంచారమ్మ ఆమె కాళ్ళు ఒత్తుతూ అడిగింది.

"అందరూ నిలబడ్డారని నేను నిలబడ్డానే పిల్లా. నన్ను చూసి నువ్వు నిలబడ్డావు," అంది పేరమ్మ.

ఆ జవాబు నాంచారమ్మకు నచ్చలేదు. పూలకొట్టుకు పెద్ద అయిన కోదండపాణిగారి దగ్గరికి వెళ్ళి అదే మాట అడిగింది. ఆయనా నిలబడే ఉన్నారు. ఒంటికాలి మీద బరువు వేసి, రెండో కాలి పిక్క రుద్దుకున్నారు. రాజుగారి ఆజ్ఞేమోనంటే కాదన్నారు. మరెవరిదంటే, ఈ కొలువు తనకన్నా ముందు నాన్నగారిదనీ, అప్పటి నుంచీ వస్తున్న పద్ధతనీ అన్నారు. నాన్నగారిని ఎప్పుడైనా అడిగారా అనేసరికి ఆయన అదిరిపడ్డారు.

"నాన్నగారినా? అడగడమా? ఎవరడుగుతారమ్మా?"

"తమరు సరేనంటే నేనడుగుతానండి."

ఆయన అవుననలేదు, కాదనీ అనలేదు. నాంచారమ్మ దాన్నే అవుననుకుంది.

ఆ నాన్నగారు, పెద్దాయన శరభయ్యగారు, ఇంటి అరుగుమీద దిండుకు ఆనుకుని వక్క నములుతున్నారు. నాంచారమ్మ ఆయన చేతిలో ఒక మల్లెచెండు పెట్టి, కూర్చోకూడదన్న నియమం ఎందుకు పెట్టారో సెలవియ్యమంది. ఆయన నమలడం ఆపేశారు.

"నేను పెట్టానా? ఓసి పిచ్చితల్లీ, ఓ వేసవిలో నాకు కూర్చునే చోట సెగగడ్డ లేచింది. కూర్చోలేక నిలబడ్డాను. నన్ను చూసి, మర్యాదకని మీవాళ్ళంతా లేచారు."

"మరి గడ్డ తగ్గాక కూర్చోవలసింది కదా తాతగారూ?"

"ఎలా కూర్చోనూ? అప్పటికి వాళ్ళంతా నిలబడి ఉన్నారాయె. వాళ్ళకలాగే హాయిగా ఉంది కాబోలనుకున్నాను. వాళ్ళ మర్యాదకు నేనూ నిలబడిపోయాను. నా మోకాళ్ళు అప్పుడే పోయాయి."

నాంచారమ్మకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం శరభయ్యగారు బండి దిగి పూలకొట్టులోకి వచ్చారు. ఆయన వెనకే పేరమ్మను నాంచారమ్మ మెల్లగా నడిపించుకొచ్చింది. పెద్దాయన చాపలు పరిపించి, తాను కూర్చుని, తన గడ్డ కథంతా సిగ్గుపడకుండా చెప్పారు. అందరూ విన్నారు. ఒక్కరూ కదల్లేదు. కోదండపాణిగారు నిలబడ్డారని పనివాళ్ళు కూర్చోలేదు. పనివాళ్ళు నిలబడ్డారని కోదండపాణిగారు కూర్చోలేదు. పాత జబ్బు అంత తొందరగా పోతుందా మరి!

నాంచారమ్మ పేరమ్మను చాపమీద కూర్చోబెట్టి, పక్కనే తానూ కూర్చుంది. అందరి చేతులూ ఆగిపోయాయి. అందరి కళ్ళూ ఇటే తిరిగాయి. ఈసారి ఆమె లేవలేదు.

"అమ్మయ్య," అన్నారు కోదండపాణిగారు. అంతటి పెద్దమనిషీ తండ్రి పక్కన చతికిలబడి, రెండు కాళ్ళూ బారచాపేశారు.

ఇంకేముంది, కొట్టంతా అమ్మయ్యలే. పేరమ్మ తన బొటనవేలికి దారం తగిలించి, రేపటి నుంచీ దండలు ఇలాగే కడతానంది. సద్దిమూటలు విప్పారు. ఒకరి పులిహోర ఇంకొకరి ఆకులోకి వెళ్ళింది. ఒకరి చింతకాయ పచ్చడికి అందరూ చేతులు చాపారు. ఆ రోజు పూలకొట్టులో పెద్దలూ పనివాళ్ళూ అందరూ కలిసి, కూర్చుని, కడుపునిండా తిన్నారు.

కాబట్టి పిల్లలూ, ఎవరూ చెప్పని ఆజ్ఞకు భయపడి ఒళ్ళు గుల్లచేసుకోకండి, మర్యాదగా ఒక్కమాట అడగండి. రేపు మీరే పెద్దలైతే, మీ కిందివాళ్ళు అడిగేదాకా ఆగకుండా, కూర్చోమని మీరే చెప్పండి.